ఖాళీ ప్లాటు, తాళం పడ్డ పార్కు, గేటు పెట్టిన గల్లీ: ఎక్కడ నడవొచ్చు, ఎక్కడ ఆడొచ్చు?

అమీర్‌పేటలో గది దొరుకుతుంది, కోర్సు దొరుకుతుంది, తెల్లవారకముందే ఇడ్లీ దొరుకుతుంది. దొరకనిది ఆరుబయలు. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్ళలో గదికి నలుగురు చొప్పున సర్దుకుంటున్న అబ్బాయిలూ అమ్మాయిలూ, ఎస్సార్ నగర్, ఎల్లారెడ్డిగూడ, బల్కంపేట గల్లీల్లో పెరుగుతున్న పిల్లలూ, డాక్టరు రోజూ నడవమన్న పెద్దవాళ్ళూ అందరూ వెతుకుతున్నది కాస్త ఖాళీ జాగా కోసమే. వీధి చివర ప్రహరీ కట్టిన ఖాళీ ప్లాటు కనబడుతుంది. పక్క కాలనీలో పచ్చటి పార్కు కనబడుతుంది, దానికి తాళం ఉంటుంది. లోపలికి వెళ్ళొచ్చా, వెళ్తే తప్పా, వద్దన్నవాళ్ళకు ఆ అధికారం ఉందా అని అడిగేవాళ్ళు ఎక్కువ, నిదానంగా చెప్పేవాళ్ళు తక్కువ.

ముందే రెండు మాటలు. ఒకటి: ప్రైవేటు భూమిలో జనం తిరగడానికి, ఆడుకోవడానికి మన చట్టంలో సాధారణ హక్కంటూ లేదు. రెండు: మనం ప్రైవేటు అనుకుని వెనక్కి తిరిగే చోట్లలో చాలావరకు ప్రైవేటువి కావు. ఈ రెండూ కలగలిసిపోవడం వల్ల ఒకపక్క పిల్లలు తిట్లు తింటున్నారు, మరోపక్క అందరి జాగాలు కొందరివైపోతున్నాయి.

మా వీధిలో ఏళ్ళుగా ఖాళీగా ఉన్న ప్లాటులో క్రికెట్ ఆడుతున్నాం. అది నేరమా?

అడుగుపెట్టినంత మాత్రాన నేరం కాదు. క్రిమినల్ ట్రెస్‌పాస్ అనాలంటే ఉద్దేశం ఉండాలి. ఏదైనా నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్నవాళ్ళను బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ప్రవేశించి ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 329వ సెక్షన్. పాత ఐపీసీలో 441, 447 సెక్షన్లుగా ఉండేది. శిక్ష మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా 500 రూపాయలే.

బంతి ఆడే పిల్లలకు అలాంటి ఉద్దేశం ఉండదు. అయితే ఆ సెక్షన్‌లో రెండో సగం ఒకటుంది, దాన్ని మరిచిపోకూడదు. మొదట తప్పు లేకుండానే వచ్చినా, వెళ్ళిపొమ్మన్నాక విసిగించడానికే అక్కడే ఉండిపోతే అది కూడా ట్రెస్‌పాస్ కిందికి వస్తుంది. కాబట్టి యజమానిగానీ, ఆయన పెట్టిన మనిషిగానీ వచ్చి ఆపమంటే వికెట్లు పీకేసి బయటికి రావాలి. అక్కడ వాదన పెట్టుకోవద్దు. సాయంత్రం ఇద్దరు పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి అనుమతి అడగండి.

తాళం పగలగొట్టడం, గోడ దూకడం, పిచ్ కోసం నేల చదును చేయడం వేరే సంగతి. వాటిల్లో ఆస్తి నష్టం కూడా కలుస్తుంది.

వాచ్‌మన్ ఫోన్ లాక్కున్నాడు. గేటు వేసి అరగంట లోపలే ఉంచాడు. అలా చేయొచ్చా?

చేయకూడదు. బయటికి పొమ్మనే హక్కు యజమానికి ఉంది. పోకుండా ఆపే హక్కు లేదు. మనిషిని కదలనీయకుండా అడ్డుకోవడం న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద, ఒకచోట బంధించడం 127వ సెక్షన్ కింద నేరాలు. కొట్టినా, వస్తువు లాక్కున్నా వేరే సెక్షన్లు ఉన్నాయి. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. పదేళ్ళవాణ్ణి గదిలో పెట్టి తల్లిదండ్రులను రమ్మనే పెద్దమనుషులు తాము చేస్తున్నదేమిటో తెలుసుకోవాలి.

ఇరవై ఏళ్ళుగా మా బస్తీ పిల్లలు అక్కడే ఆడుతున్నారు. ఇప్పుడు అది మా హక్కు కాదా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఇరవై అన్న అంకె 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం నుంచి వచ్చింది. దాని 15వ సెక్షన్ ప్రకారం ఒకరి భూమి మీదుగా మరొకరు తమ భూమికి దారినో, నీటి కాలువనో శాంతియుతంగా, బహిరంగంగా, హక్కుగా, అడ్డులేకుండా ఇరవై ఏళ్ళు వాడుకుంటే అది స్థిరపడుతుంది. ఇక్కడ అసలు మెలిక ఏమిటంటే, ఆ హక్కు ఒక భూమికి అనుబంధంగా పుడుతుంది. మీ ఇంటికి వెళ్ళే దారి కావచ్చు, మీ పొలానికి పారే నీరు కావచ్చు. ఊళ్ళో ఎవరైనా వచ్చి ఆడుకోవడం, తిరగడం ఆ కోవలోకి రాదు. పైగా యజమాని దయతలచి ఆడుకోనిస్తే అది అనుమతి. అనుమతి ఎన్నేళ్ళు సాగినా హక్కుగా మారదు. అదే చట్టం 52వ సెక్షన్ ఇలాంటి అనుమతిని లైసెన్స్ అంటుంది. 60వ సెక్షన్ ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, ఇచ్చినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు.

ఒక్క దారి మిగిలింది, అది స్థానిక ఆచారం. ఫలానా చోట ఊరు మొత్తం తరతరాలుగా బతుకమ్మ ఆడుతోందనో, జాతర జరుపుతోందనో చూపగలిగితే కోర్టులు ఆలకిస్తాయి. ఆ ఆచారం పాతదై ఉండాలి, స్పష్టంగా ఉండాలి, సబబుగా ఉండాలి, మధ్యలో తెగకుండా ఉండాలి. రుజువు భారం మీదే. పాత ఫోటోలు, పెద్దల సాక్ష్యం, ఆహ్వాన పత్రికలు, పోలీసు అనుమతుల కాగితాలు ఇక్కడ పనికొస్తాయి. క్రికెట్ మ్యాచ్‌లకు ఈ దారి దొరకడం కష్టం. ఊరి పండగలకు దొరకొచ్చు.

దేశమంతటా తిరిగే స్వేచ్ఛ రాజ్యాంగం ఇచ్చింది కదా?

ఇచ్చింది, 19వ అధికరణంలో. అది ప్రభుత్వం పెట్టే అడ్డంకుల నుంచి రక్షణ. పక్కింటి పెరట్లోకి తలుపు తీసేది కాదు. ఆస్తి ఇప్పుడు ప్రాథమిక హక్కు కాకపోయినా, 300ఏ అధికరణం ప్రకారం చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు.

కాలనీ పార్కుకు తాళం వేసి "సభ్యులకు మాత్రమే" అని బోర్డు పెట్టారు. ఇది చెల్లుతుందా?

ఇక్కడ కాసేపు ఆగుదాం. మన గల్లీల్లో అసలు తగవు ఇక్కడే ఉంది.

ముందు ఆ పార్కు ఏ రకందో తేల్చుకోవాలి. పెద్ద భూమిని ప్లాట్లుగా విడగొట్టి అమ్మితే అది లేఅవుట్. లేఅవుట్‌కు అనుమతి కావాలంటే రోడ్లు, పార్కు వదలాలి. ఇప్పటి లెక్క ప్రకారం బహిరంగ స్థలానికి పది శాతం. ఆ రోడ్లనూ పార్కునూ గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగిస్తారు. అప్పగించిన రోజు నుంచి అది మునిసిపల్ కార్పొరేషన్ పార్కు. సంక్షేమ సంఘం మొక్కలకు నీళ్ళు పోయొచ్చు, మనిషిని పెట్టి ఊడిపించొచ్చు, వేళలు సూచించొచ్చు. ఆ పని చేస్తున్నవాళ్ళకు మనం రుణపడి ఉండాలి. అంతమాత్రాన వాళ్ళు యజమానులైపోరు. పక్క వీధి హాస్టల్ అమ్మాయిని "నువ్వు ఈ కాలనీ కాదు" అని పంపేసే అధికారం వాళ్ళకు లేదు.

గిఫ్ట్ డీడ్ రాయలేదనుకోండి. పాత లేఅవుట్లలో ఇది మామూలే. అప్పుడు లేఅవుట్ వేసినాయన వారసులు వచ్చి "ఆ పార్కు స్థలం ఇంకా మా పేరునే ఉంది" అంటారు. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌పై చేతరాం వశిష్ఠ వేసిన కేసులో 1990ల మధ్యలో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. యాజమాన్యం కార్పొరేషన్‌కు ఊరికే బదిలీ అయిపోదు. అదే సమయంలో, పార్కు అని చూపి అనుమతి తెచ్చుకున్న యజమాని దాన్ని మరో పనికి వాడుకోలేడు, ప్రజల తరఫున ధర్మకర్తలా మాత్రమే ఉంచుకోగలడు. అంతకుముందు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడాన్ని అదే కోర్టు కొట్టేసింది. పార్కు చుట్టూ నివసించే మామూలు జనానికి కోర్టుకెక్కే హక్కు ఉందని కూడా అందులోనే తేల్చింది. ఈ రెండు తీర్పులూ ప్రతి కాలనీ సంఘం ఫైల్లో ఉండాల్సినవి.

అపార్ట్‌మెంట్ సముదాయం లోపలి పచ్చిక దగ్గర నియమం వేరు. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, అంటే 168వ నంబరు జీవో, బహుళ అంతస్తుల భవనాల స్థలంలో కనీసం పది శాతాన్ని చెట్లకూ పిల్లల ఆటకూ వదలమంటాయి. అది అక్కడ ఉండేవాళ్ళందరి ఉమ్మడి ఆస్తి. బయటివాళ్ళకు అందులోకి వచ్చే హక్కు లేదు. కాబట్టి "గేటెడ్" అన్న మాట విని భయపడకండి, అలాగని కోపమూ తెచ్చుకోకండి. అది లేఅవుటా, ఒకే స్థలంలో కట్టిన సముదాయమా అన్నది ముందు కనుక్కోండి.

లేఅవుట్ అనుమతే లేని కాలనీ మాది. పార్కు ఎక్కడిది?

నగరం చుట్టూ ఇదే పెద్ద బాధ. 2020 ఆగస్టు 31న వచ్చిన క్రమబద్ధీకరణ పథకం, అంటే ఎల్‌ఆర్‌ఎస్, పది శాతం బహిరంగ స్థలం లేని లేఅవుట్లలో ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకునే వీలు పెట్టింది. డబ్బు ఖజానాకు చేరుతుంది. పిల్లవాడికి ఆ వీధిలో పార్కు రాదు. ఆ డబ్బుతో అదే ప్రాంతంలో జాగా కొని పార్కు చేయాలని నా గట్టి అభిప్రాయం. వార్డు సభల్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

గల్లీకి అడ్డంగా గేటు పెట్టి పొద్దున నడిచేవాళ్ళను ఆపుతున్నారు. వాళ్ళకు ఆ హక్కు ఉందా?

లేఅవుట్ రోడ్డయితే లేదు. దొంగల భయం నిజమే, ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళ ఆందోళనా నిజమే. దానికి కెమెరాలున్నాయి, వాచ్‌మన్ ఉన్నాడు, బీట్ కానిస్టేబుల్ ఉన్నాడు. అందరి రోడ్డును మూసేయడం దానికి జవాబు కాదు. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం 402వ సెక్షన్ వీధికి అడ్డం వచ్చే కట్టడాలను నిషేధిస్తుంది. కార్పొరేషన్ కదలకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు అర్జీ పెట్టొచ్చు. దారి మీదా బహిరంగ స్థలం మీదా అడ్డంకిని తీసేయమని ఆయన ఆదేశించగలరు. ఇది పాత సీఆర్‌పీసీ 133వ సెక్షన్. లాయర్ల దగ్గర ఇప్పటికీ ఆ నంబరుతోనే వాడుకలో ఉంది.

ఆ జాగా ఎవరిదో ఎలా తెలుసుకోవాలి?

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అర్జీ రాయండి. నాలుగు అడగండి: లేఅవుట్ అనుమతి నంబరు, ఆమోదించిన ప్లాన్ నకలు, పార్కుకూ రోడ్లకూ రాసిన గిఫ్ట్ డీడ్ నకలు, నిర్వహణ ఎవరికైనా అప్పగించి ఉంటే ఆ ఒప్పందం. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. పాత లేఅవుట్లు 1975లో పుట్టిన హుడా కాలానివైతే ఆ రికార్డు 2008లో దాని స్థానంలో వచ్చిన హెచ్‌ఎండీఏ దగ్గర ఉండొచ్చు. రెండుచోట్లా అడగండి. ప్లాన్ మీద ఆకుపచ్చ రంగు కనబడితే సగం పని అయినట్టే.

ఆక్రమణ జరిగిందని తేలితే హైడ్రా ఉంది. 2024 జులై 19న 99వ నంబరు జీవోతో ఏర్పడిన ఈ సంస్థ చెరువులతో పాటు లేఅవుట్ పార్కులనూ రోడ్లనూ కాపాడటానికే. బుద్ధభవన్‌లోని వాళ్ళ కార్యాలయంలో సోమవారం ప్రజావాణిలో అర్జీలు తీసుకుంటున్నారు. కోపంతో రాసిన పది పేజీల కంటే ప్లాన్ నకలు జతచేసిన ఒక్క పేజీకి బలం ఎక్కువ.

హాస్టల్ డాబా మీద నడవనివ్వడం లేదు.

అపార్ట్‌మెంట్లలో పైకప్పు ఉమ్మడి భాగమని 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం చెబుతుంది. 2016 నాటి రెరా చట్టం కూడా తెరిచి ఉన్న డాబాలను ఉమ్మడి స్థలాల్లోనే లెక్కేసింది. అక్కడ ఫ్లాటు యజమానులకు వాటా ఉంటుంది, అద్దెకున్నవాళ్ళు వాళ్ళ ద్వారా వాడుకుంటారు. పై అంతస్తు కొన్నవాళ్ళు డాబాకు తాళం వేసుకుంటే అడగండి. హాస్టల్ సంగతి వేరు. మొత్తం భవనం ఒకరిదే అయితే వాళ్ళు చెప్పిందే నియమం. చేరేముందే డాబా తెరుస్తారా అని అడిగి తెలుసుకోవడం మంచిది.

"మీ వాళ్ళు ఇక్కడికి రావద్దు" అన్నారు. కులం పేరు ఎత్తలేదు, కానీ అర్థమైంది.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం ఇలాంటి మాట కోసమే ఉంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ దుకాణాల్లోకి, హోటళ్ళలోకి, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపకూడదు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే, లేదా ప్రజలకు అంకితం చేసిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, విహార స్థలాల నుంచి దూరం పెట్టకూడదు. ఇది ప్రభుత్వానికి చెప్పినది మాత్రమే కాదు, పౌరులకూ వర్తిస్తుంది. కాబట్టి పంజాగుట్టలోని మాల్ ప్రైవేటుదే అయినా, వేళలూ భద్రతా తనిఖీలూ పెట్టుకోవచ్చు గానీ మనిషి పుట్టుకను చూసి గేటు వేయకూడదు. దళితులను, గిరిజనులను అందరి వనరులు వాడుకోకుండా అడ్డుకుంటే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు అవుతుంది. ఎన్నో ఊళ్ళలో చెరువుగట్టు మీద జరిగిన పోరాటాల తర్వాత వచ్చిన హక్కు ఇది. కాలనీ పార్కు గేటు దగ్గర దాన్ని వదులుకోవద్దు.

చెరువు చుట్టూ నడవొచ్చా? అక్కడ పట్టా భూములున్నాయంటున్నారు.

రెండూ నిజం కావొచ్చు. పూర్తి నీటిమట్టం హద్దులో, అంటే ఎఫ్‌టీఎల్‌లో, శిఖం పట్టాలు హైదరాబాద్ చెరువుల్లో చాలా ఉన్నాయి. నీళ్ళు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు పట్టాదారుది. ఇల్లు కట్టే హక్కు లేదు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ దాటి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. కట్టడం నిషేధమైనంత మాత్రాన జనానికి నడిచే హక్కు పుట్టదు. పట్టా భూమిలో దారి వేయాలంటే ప్రభుత్వం కొనాలి, లేదా యజమాని ఒప్పుకోవాలి. గట్టు, అలుగు, నీటి భాగం సంగతి వేరు. తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కోసం ఇంటలెక్చువల్స్ ఫోరం నడిపిన కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇలాంటి సహజ వనరులకు ప్రభుత్వం ప్రజల తరఫున ధర్మకర్త అని చెప్పింది. మన తెలుగు ఊరి చెరువుల మీద వచ్చిన ఆ తీర్పును దేశంలోని కోర్టులు ఇప్పుడు ఉదహరిస్తున్నాయి.

అంబర్‌పేటలోని బతుకమ్మకుంట తాజా ఉదాహరణ. పూడిపోయి, చెత్త నిండి, ప్రైవేటు స్థలమన్న వాదన కోర్టుకు ఎక్కిన చోట 2025లో తవ్వితే నీళ్ళు పడ్డాయి. అదే ఏడాది దాన్ని చెరువుగా తీర్చిదిద్ది జనానికి తెరిచారు.

ఆదివారాలు రాళ్ళగుట్టలు ఎక్కడానికి వెళ్తాం. అక్కడ నియమమేమిటి?

ఖాజాగూడ వైపు వెళ్ళేవాళ్ళలో చాలామంది అమీర్‌పేట హాస్టళ్ళ కుర్రాళ్ళే. ఈ గ్రానైట్ రాళ్ళ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. వీటిని పగలగొట్టకుండా చూడటానికి 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. వాళ్ళు జనాన్ని రాళ్ళ దగ్గరికి నడిపించుకెళ్తారు. ఒంటరిగా వెళ్ళేకంటే అలాంటి బృందంతో వెళ్ళడం నయం. గుట్ట ప్రభుత్వ భూమా, వక్ఫ్ భూమా, కోర్టులో ఉందా, ఎవరి పట్టానా అన్నది బయటినుంచి చూస్తే తెలియదు. కంచె ఉంటే ఆగండి. మంటలు పెట్టవద్దు, రాయి మీద పేర్లు రాయవద్దు. రిజర్వు అడవిలోకి, వికారాబాద్ వైపు అనంతగిరి కొండల్లోకి వెళ్తే అటవీ శాఖ అనుమతి ముందు చూసుకోవాలి. అడవి చట్టంలో అనుమతి లేని ప్రవేశమే నేరం, ఉద్దేశంతో పని లేదు.

ఇవన్నీ సరే, రేపు పొద్దున ఎక్కడికి వెళ్ళాలి?

పంజాగుట్ట నుంచి జలగం వెంగళరావు పార్కుకు నడిచే వెళ్ళొచ్చు. అమీర్‌పేటలో మెట్రో నీలి లైను రాయదుర్గం వైపు ఎక్కితే నాలుగో స్టేషన్ జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, అక్కడికి దగ్గరే కేబీఆర్ పార్కు. ఒకప్పుడు అది నిజాం మనవడు ముకర్రం జా ఎస్టేట్. ఆయన చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ లోపలే ఉంది. ఒక రాజవంశీకుడి తోట జనం నడిచే అడవి అయిందంటే అది ప్రభుత్వం పూనుకుని చేసిన పని. ఇప్పుడది జాతీయ ఉద్యానం కాబట్టి వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది: టికెట్టు లేదా పాసు కావాలి, కుక్కను తీసుకెళ్ళకూడదు, నెమళ్ళకు తిండి పెట్టకూడదు. బయటి నడకదారికి మాత్రం టికెట్టు అక్కర్లేదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది.

విదేశాల్లో ఎవరి భూమిలోనైనా నడవొచ్చంటారు, నిజమేనా?

స్వీడన్‌లో అది పాత ఆచారం. ఇళ్ళకు దూరంగా, పంట తొక్కకుండా ఎవరి అడవిలోనైనా నడవొచ్చు, ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకోవచ్చు. స్కాట్లాండ్‌లో 2003 చట్టం ఆ హక్కును రాసిచ్చింది. ఇంగ్లాండ్‌లో 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీదికి కార్మికులు గుంపుగా నడిచి వెళ్ళారు. కొందరు జైలుకెళ్ళారు. కొండలూ బంజర్లూ నడిచేవాళ్ళకు తెరిచే చట్టం అక్కడ 2000లో గానీ రాలేదు.

అమీర్‌పేటలో కోర్సు ముగించి అమెరికా వెళ్ళే పిల్లలకు ఇంకో మాట. అక్కడ పరిస్థితి దాదాపు దీనికి తలకిందులు. టెక్సాస్‌లో చెట్టు మీద, కంచె స్తంభం మీద ఊదారంగు గీత కనబడితే అది "లోపలికి రావద్దు" అన్న బోర్డుతో సమానం. అక్కడ తెలియదంటే చెల్లదు. ఊళ్ళో పొలాలకు అడ్డంపడి నడిచిన అలవాటుతో అక్కడ నడవకండి.

ఖాళీ ప్లాటులో ఆడుతూ పిల్లవాడు గుంతలో పడితే బాధ్యత ఎవరిది?

మూత లేని సంపు, కప్పని బావి, వదిలేసిన బోరు ఉన్న యజమాని "నేను రమ్మనలేదు" అని తప్పించుకోలేడు. వదిలేసిన బోరుబావులను అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. తవ్వుతున్నప్పుడు కంచె, బోర్డు తప్పనిసరి. ప్రమాదం తెలిసీ వదిలేసి ప్రాణం పోతే నిర్లక్ష్యం వల్ల మరణం కేసు, పరిహారం దావా రెండూ రావొచ్చు. పిల్లలను అక్కడికి పంపే పెద్దలు కూడా మొదటిరోజు ఒకసారి ఆ జాగా అంతా నడిచి చూడాలి.

నాకు ఎల్లారెడ్డిగూడలో ఒక ప్లాటు ఉంది. పిల్లలను ఆడుకోనిస్తే కబ్జా అవుతుందేమోనని భయం. ఏం చేయమంటారు?

మీ భయానికి కారణం ఉంది. ఈ నగరంలో ఖాళీ జాగా మీద కన్ను పడటం కొత్త కాదు. భూకబ్జాల నిషేధ చట్టం 1982లోనే రావాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంత పాతదో చూడండి. కానీ ఆడుకునే పిల్లల వల్ల భూమి పోదు. పన్నెండేళ్ళ స్వాధీనం వల్ల హక్కు పుట్టాలంటే అది మీకు వ్యతిరేకంగా, మీ హక్కును కాదంటూ, మిమ్మల్ని బయటపెట్టి సాగిన స్వాధీనం కావాలి. మీ అనుమతితో సాయంత్రం ఆరు దాకా ఆడి వెళ్ళిపోయేవాళ్ళకు అలాంటిది ఎన్నటికీ రాదు. మీరు ఇచ్చిన అనుమతి కాగితమే మీ యాజమాన్యానికి సాక్ష్యం అవుతుంది.

కాబట్టి కాగితం మీద పెట్టండి. బస్తీ పెద్దలిద్దరి సంతకాలతో ఒక్క పేజీ చాలు: స్థలం ఫలానావారిది, వారి అనుమతితో ఫలానా వేళల్లో పిల్లలు ఆడుకుంటారు, ఎప్పుడు అడిగినా ఖాళీ చేస్తారు, ఏ కట్టడమూ చేయరు. ఏడాదికోసారి కొత్తగా రాయించుకోండి. గేటు దగ్గర మీ పేరుతో, "యజమాని అనుమతితో" అన్న మాటతో బోర్డు పెట్టండి. ఖాళీ స్థలం పన్ను రసీదులు జాగ్రత్త చేయండి. హద్దురాళ్ళు కనబడేలా ఉంచండి, గుంతలు పూడ్పించండి. రోజూ ఇరవైమంది పిల్లలు తిరిగే జాగాలో రాత్రికి రాత్రి ఎవరో రేకుల షెడ్డు వేస్తే, మీకు ఫోన్ చేసి చెప్పేవాళ్ళు ఇరవైమంది ఉంటారు. తాళం వేసి పదేళ్ళు చూడని జాగాకు ఆ కాపలా ఉండదు.

ఇల్లు కట్టేదాకా మీ ప్లాటు ఖాళీగానే ఉంటుంది. ఆ కొన్నేళ్ళూ దాన్ని పిల్లలకు ఇవ్వండి. చట్టం మిమ్మల్ని బలవంతపెట్టదు, మీ హక్కు కూడా తరగదు. మీ వీధి పిల్లలను పిలిచి, వేళలు చెప్పి, గేటు తీయండి.